యాప్‌కి కులం లేదట!

మాదాపూర్‌లో ఏ టీ బండి దగ్గర నిలబడినా చెవిన పడే మాటలు దాదాపు ఒకటే. ఏ ఫోన్ కొంటే మంచిది, ఏ యాప్‌లో తక్కువకి దొరుకుతుంది, ఏ కంపెనీ ఎంతమందిని తీసేసింది, దేశం బాగుపడుతోందా చెడిపోతోందా. మెళ్లో ఐడీ కార్డు వేలాడే కుర్రాళ్ల నుంచి ఆటో అన్నల దాకా అందరికీ వీటి మీద ఓ అభిప్రాయం ఉంది. ఉండాల్సిందే. అయితే ఆ మాటల మధ్య ఒక మాట మాత్రం ఎవరూ తిరిగి ప్రశ్నించకుండానే చలామణీ అయిపోతోంది. "ఈ కాలంలో కులమెక్కడిది బాస్? యాప్‌కి కులం తెలుసా? ఎవడు ఆర్డర్ పెట్టినా వస్తుంది, ఎవడైనా తెచ్చిస్తాడు." ఇదీ ఆ మాట.

మన విమర్శకులు కథల్ని చదువుతారు, కవిత్వాన్ని చదువుతారు. నిత్యం నోట్లో నానే ఇలాంటి మాటల్ని చదవరు. కానీ ఆధిపత్య భావజాలం పుస్తకాల్లో కన్నా ఈ మాటల్లోనే హాయిగా కాపురం చేస్తుంది. పుస్తకంలో ఉంటే ఎవరో ఒకరు ఖండిస్తారు. టీ బండి దగ్గరి మాటని ఎవరు ఖండిస్తారు? అందుకే ఈ ఒక్క మాటని ఒక రచనని చదివినట్టు చదవదలిచాం. అది ఎవరి నోటి నుంచి వస్తోంది, ఏం చూపిస్తోంది, ఏం దాస్తోంది అన్నవే మా ప్రశ్నలు.

ముందు మా సంగతి చెప్పుకోవాలి. మేం మా ఇళ్లలో మొదటగా యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లం. చెప్పులు చేతబట్టుకొని ఊరి బజారు దాటిన పెద్దల బిడ్డలం. టెక్నాలజీ మీద మాకు పగ లేదు. అక్షరం రాని మా అమ్మలు ఫోన్‌లో మనవళ్ల మొహాలు చూసి నవ్వుతుంటే మా కడుపు నిండుతుంది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాక, అతని చివరి ఉత్తరం ఏ సంపాదకుడి దయా లేకుండానే ఫోన్ల మీద దేశమంతా తిరిగింది. ఊళ్లో దొర దగ్గర పాలేరుగా పడుండేకంటే బండి మీద తిండి మోయడం నయమని మా తమ్ముళ్లు చెబితే కాదనే ధైర్యం మాకు లేదు. నయమే. దొర "ఒరేయ్" అని పిలుస్తాడు. యాప్ పేరు పెట్టి పిలుస్తుంది.

అసలు కథ ఆ పేరు దగ్గరే మొదలవుతుంది.

పేరులో ఏముంది?

ఆర్డర్ పెట్టగానే, తెచ్చేవాడి పేరు కొనేవాడి ఫోన్‌లో కనిపిస్తుంది. ఇది మర్యాద కోసం, భద్రత కోసం అంటారు. మంచిదే. కానీ ఈ దేశంలో పేరు ఉత్త పేరు కాదు గదా! పేరు విని మతాన్ని, ఇంటిపేరు విని కులాన్ని వాసన పట్టడం మనవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. 2019 అక్టోబర్‌లో హైదరాబాద్ పాతబస్తీలో ఒక వినియోగదారుడు, తిండి తెచ్చినవాడు ముస్లిం అని ఆ పొట్లాన్ని తీసుకోలేదు. విషయం పోలీసుల దాకా పోయింది. 2022లో ఇదే నగరంలో మరొకరు, ముస్లిం చేత పంపొద్దని ఆర్డర్‌తో పాటే రాసి పెట్టారు.

"అది మతం సంగతి, కులం ఎక్కడుంది?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. వాళ్లనొకటి అడుగుతాం. ఒక మనిషి చెయ్యి తగిలిందని తిండిని తిప్పి పంపే విద్య ఈ దేశంలో ఎక్కడ పుట్టింది? ఎవరి మీద సాధన చేసి ఇంత నైపుణ్యం సంపాదించారు? మా ఊళ్ల హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి పెట్టినవాళ్లకి ఏ యాప్ నేర్పింది? అంటు అనేది ముందు మా మీద పుట్టింది. ఆ తర్వాత ఎవరిని కిందికి తొయ్యాలంటే వాళ్ల మీదికి పాకింది. యాప్‌కి కులం తెలియకపోవచ్చు, వాడేవాడికి తెలుసు. యాప్ చేసిందల్లా అతనికి పేరు చూపించి, మనసులో మాట రాసుకోడానికి పక్కనే ఒక గడి ఇవ్వడం.

2024 మార్చిలో ఇంకో అడుగు పడింది. శాకాహారుల కోసం జొమాటో కంపెనీ ప్రత్యేక డెలివరీ దళాన్ని ప్రకటించింది. వాళ్లు శాకాహార హోటళ్ల నుంచే తెస్తారు, ఆకుపచ్చ చొక్కా తొడుక్కుంటారు, మాంసం మోసిన పెట్టె వాళ్ల దగ్గరికి రాదు. నిరసన లేచింది. ఎర్రచొక్కా వాళ్లని అపార్టుమెంట్ల గేటు దగ్గరే ఆపేస్తారని, ఇళ్ల ఓనర్లు అద్దెకున్నవాళ్ల తిండి మీద నిఘా పెడతారని జనం అన్నారు. మర్నాడే కంపెనీ ఆకుపచ్చ చొక్కాని వెనక్కి తీసుకుంది. దళం మాత్రం ఉంటుందని చెప్పింది. అంటే రంగు పోయింది, విడదీత ఉండిపోయింది. మాదాపూర్‌లో గది కోసం తిరిగిన మాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. టు-లెట్ బోర్డు మీద 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని ఉంటుంది. బోర్డు మీద లేకపోతే ఓనరమ్మ నోట ఉంటుంది. "బాబూ, మీరేమిట్లు?" అని ఆవిడ ఎంతో ఆప్యాయంగా అడుగుతుంది. మేం చెప్పాక గది అప్పటికే ఎవరికో ఇచ్చేసినట్టు గుర్తొస్తుంది. శాకాహారం తిండి అలవాటు మాత్రమే అయితే ఎవరికీ పేచీ లేదు. ఎదుటివాడి కంచంలోకి తొంగి చూసే హక్కు అయినప్పుడే పేచీ.

టికెట్టు ఒకటే, సీటు వేరు

యంత్రం వచ్చి కులాన్ని తుడిచేస్తుందన్న మాట మేం మొదటిసారి వినడం లేదు. రైలొచ్చినప్పుడు విన్నాం, బస్సొచ్చినప్పుడు విన్నాం. సినిమా హాలొచ్చినప్పుడు మరీ గట్టిగా విన్నాం. టికెట్టు కొన్నవాడిదే సీటు, చీకట్లో అందరూ ఒకటే అన్నారు. నిజమే, టికెట్టుకి కులం తెలీదు. మరి 1991లో గుంటూరు జిల్లా చుండూరులో ఏం జరిగింది? సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ఒక రెడ్డి యువకుడికి తగిలింది. అంతే! అక్కడ రాజుకున్న నిప్పు సాంఘిక బహిష్కరణగా మారి ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని బలి తీసుకుంది. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది.

చుండూరు ఎక్కడ, సైబర్ టవర్స్ ఎక్కడ అనొచ్చు. దూరం ఉంది, కాదనం. మాదాపూర్‌లో గోతాలు లేవు. కానీ మేం చూస్తున్నది ఆ సినిమా హాలులోని తర్కాన్ని. డబ్బు పెట్టి కొన్న సమానత్వం ఎంతసేపు ఉంటుంది? పక్కవాడు నిన్ను సమానుడిగా ఒప్పుకున్నంతసేపే. 2023లో హైదరాబాద్‌లోని ఒక గృహ సముదాయానిదంటూ ఓ నోటీసు ఫొటో ఫోన్లలో తిరిగింది. పనిమనుషులు, డ్రైవర్లు, డెలివరీ బాయ్‌లు మెయిన్ లిఫ్టు ఎక్కితే వెయ్యి రూపాయలు జరిమానా అని అందులో ఉంది. లిఫ్టు కూడా యంత్రమే. దానికీ కులం తెలీదు. మీట నొక్కితే ఎవర్నయినా పైకి తీసుకుపోతుంది. మీట పక్కన కాగితం అంటించింది మాత్రం మనిషే.

ఆ కాగితంలో కులం అన్న మాట లేదు, నిజమే. పనిని బట్టి మనుషుల్ని విడదీశారంతే, అది వర్గ సమస్య అంటారు మన వామపక్ష మిత్రులు. ఏ పనికి ఏ వాడ నుంచి మనిషి వస్తాడో తెలిసిన దేశంలో కులం అన్న మాట రాయాల్సిన అవసరమేముంది? కులం పనుల్ని విభజించి ఊరుకోదు, పని చేసేవాళ్లనే మెట్లు మెట్లుగా విభజిస్తుందని 1936లోనే అంబేడ్కర్ చెప్పి ఉన్నాడు.

అందరికన్నా చివర యంత్రం ఎవరికి?

ఇప్పుడు ఆ మాట దాస్తున్నదాని దగ్గరికి వద్దాం. "యాప్‌కి కులం లేదు" అనేవాడు పై అంతస్తులో కూర్చుని ఆర్డర్ పెడుతున్నాడు. టెక్నాలజీ అంటే అతనికి తన చేతిలోకి వచ్చేది. మేం కింది నుంచి చూస్తాం. ఈ నగరంలో ఏ పనికి యంత్రం ముందొచ్చింది, ఏ పనికి చివరొచ్చింది అని లెక్క కడతాం. ఏ టెక్నాలజీకైనా కులం ఉందో లేదో తేల్చే కొలమానం ఇదే అని మా వాదన.

సైబర్ టవర్స్‌ని 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. దానికి కూతవేటు దూరంలో అయ్యప్ప సొసైటీ ఉంది. సందు సందుకీ హాస్టళ్లు. పొట్ట చేతబట్టుకొని, సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకొని జిల్లాల నుంచి వచ్చిన పిల్లలంతా అక్కడే ఉంటారు. 2016 ఆగస్టులో అదే అయ్యప్ప సొసైటీలో, మ్యాన్‌హోల్ దగ్గర విషవాయువుకి నలుగురు చనిపోయారు. ఈ పనికి మనుషుల్ని దించకూడదని అప్పటికే 2013 చట్టం ఉంది. చనిపోతే పది లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆ మరణాలకి కొద్దిరోజుల ముందే, జులైలో, బెజవాడ విల్సన్‌కి మెగసెసే అవార్డు ప్రకటించారు. కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టి, ఆ పనినే రూపుమాపాలని జీవితాన్ని ధారపోసిన మనిషి ఆయన. చట్టం ఉంది, తీర్పు ఉంది, అవార్డు ఉంది. హైటెక్ సిటీ నడిబొడ్డున మనిషి మాత్రం గోతిలోనే ఉన్నాడు.

మురుగు తీసే పెద్ద జెట్టింగ్ యంత్రాలు అప్పటికి లేకపోలేదు. ఇరుకు సందుల్లోకి అవి పోలేవు. సందుల్లోకి పోగలిగే మినీ యంత్రాలు 70 దాకా 2017లో జలమండలి దించింది, దళిత పారిశ్రామికవేత్తల సంస్థ డిక్కీ సహకారంతో. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ యంత్రం ఏమిటి? చిన్న లారీ, నీళ్ల ట్యాంకు, గట్టిగా నీళ్లు చిమ్మే గొట్టం. అదేమంత బ్రహ్మవిద్య కాదు. అమెరికా బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఊరికి ఆ చిన్న లారీ రావడానికి సైబర్ టవర్స్ కట్టాక పంతొమ్మిదేళ్లు పట్టింది. తెలివి చాలక కాదు. గోతిలో దిగేవాడు ఎవడో తెలుసు కాబట్టి తొందరపడలేదు. కేంద్ర ప్రభుత్వ 'నమస్తే' పథకం కింద 2024 నాటికి వివరాలు సేకరించిన సుమారు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం ఎస్సీలు. యంత్రానికి కులం లేకపోవచ్చు. యంత్రం కోసం ఎవరు ఎన్నాళ్లు ఎదురుచూడాలన్న దానికి మాత్రం కులం ఉంది.

2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ పది లక్షల్ని ముప్పై లక్షలు చేసింది. చావు ఖరీదు పెరిగింది. బతుకు ఖరీదు సంగతే ఇంకా తేలలేదు.

ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చుగా!

టీ బండి దగ్గర ఇంకో మాట కూడా ఉంది. డెలివరీ కార్మికులు సమ్మె అంటే చాలు, "నచ్చకపోతే మానెయ్యొచ్చుగా, ఎవడు బలవంతం చేశాడు?" అంటారు. 2025 డిసెంబర్ 31న దేశవ్యాప్త సమ్మెకి పిలుపిచ్చినప్పుడూ ఇదే విన్నాం. వాళ్ల డిమాండ్లలో పది నిమిషాల డెలివరీ ఎత్తెయ్యాలన్నది ఒకటి. 2026 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ జోక్యం చేసుకున్నాక బ్లింకిట్ తన ప్రచారంలోంచి ఆ పది నిమిషాల మాట తీసేసింది. పాలపొట్లం ఇరవై నిమిషాలకొస్తే ఎవరి ఇల్లూ మునగదని అప్పటికి గాని తెలియలేదు.

మానెయ్యొచ్చు, నిజమే. మానేసి ఎక్కడికి పోవాలి? తాత వదిలిపెట్టిన చెప్పులు కుట్టే పనికా? నాన్న వదిలిపెట్టిన పాలేరుతనానికా? భూమి ఉన్నవాడికి మానెయ్యడం ఒక అభిప్రాయం. లేనివాడికి అది పస్తు. ఇంకో ఉద్యోగం చూపించకుండా స్వేచ్ఛ గురించి ఉపన్యాసమిచ్చేవాడు, తనకి తెలియకుండానే, వెట్టికి కొత్త పేరు పెడుతున్నాడు.

2023లో రాజస్థాన్ గిగ్ కార్మికుల కోసం దేశంలో మొదటి చట్టం చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లుని ప్రజల ముందు పెట్టింది. సంక్షేమ నిధి, కార్మికుల నమోదు లాంటి వాటిని మేం స్వాగతిస్తాం. అయితే ఇలాంటి చట్టాల మీద మాట్లాడే మన విద్యార్థులు, కార్యకర్తలు, టీచర్లు వాటిని కార్మిక చట్టాలుగా మాత్రమే చూస్తే చాలదు. పేరు చూసి తిప్పి పంపినవాడికి ఏం శిక్ష? తిప్పి పంపితే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది? పేరు నచ్చక ఒక్క స్టార్ ఇస్తే, ఆ స్టార్ వెనక ఏముందో ఎవరు విచారిస్తారు? లిఫ్టు ఎక్కనివ్వని సొసైటీ మీద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? ఈ నాలుగూ కులం ప్రశ్నలు. వీటిని మనం అడక్కపోతే ఇంకెవరూ అడగరు.

మాదాపూర్‌లో చదివే, పనిచేసే మన పిల్లలకి ఒక మనవి. హాస్టల్లో, క్యాంటీన్లో, ఆఫీసు బస్సులో వినబడే ఇలాంటి మాటల్ని తేదీ వేసి రాసి పెట్టండి. మాట్లాడినవాడి పేరు అక్కర్లేదు, మాట చాలు. రేపటి మన పరిశోధనకి అదే ముడిసరుకు. "యాప్‌కి కులం లేదు" అని ఎవరైనా అంటే కోపగించుకోకుండా ఒకే ఒక్క ప్రశ్న అడగండి. "అన్నా, తెచ్చినవాడు మీ లిఫ్టు ఎక్కొచ్చా?"

జవాబు కోసం మేం ఎదురుచూస్తాం. ఎదురుచూడటం మాకు అలవాటే.