చెరిగిన టేపులు, చెరగని నవలలు

1967కీ 1978కీ మధ్య బీబీసీ తన పాత కార్యక్రమాల టేపులను చెరిపేస్తూ వచ్చింది. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదు ఎక్కువ. చెరిపితే మళ్లీ వాడుకోవచ్చు. నటీనటుల సంఘాలతో ఉన్న ఒప్పందాల వల్ల ఒకసారి వేసిన కార్యక్రమాన్ని ఇష్టం వచ్చినన్ని సార్లు తిరిగి వేయడానికి వీలు లేదు. ఇక దాచి ఏం లాభం అనుకున్నారు. అలా పోయినవాటిలో ‘డాక్టర్ హూ’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ తొలి ఆరు సీజన్ల ఎపిసోడ్లు చాలా ఉన్నాయి. ఆ 253 ఎపిసోడ్లలో వందకు దగ్గరగా పోయినవి పోయినట్టే ఉన్నాయి.

కథలు మాత్రం పోలేదు. నూట ముప్పై పేజీలకు అటూ ఇటూ ఉండే చౌక పేపర్‌బ్యాక్‌లలో భద్రంగా నిలిచాయి. బ్రిటన్‌లో 1970లలో, 80లలో పెరిగిన పిల్లలు తాము పుట్టకముందు ప్రసారమై మాయమైన కథలను ఆ పుస్తకాల్లోనే తెలుసుకున్నారు. ఈ సీరియల్ తొలి వీడియో క్యాసెట్ 1983లో గానీ దుకాణాల్లోకి రాలేదు. అంతవరకూ చూసిన కథను మళ్లీ చూసుకోవాలన్నా, చూడని కథ తెలుసుకోవాలన్నా పుస్తకమే దిక్కు.

తెర మీది కథను నవలగా రాయడం మనకు కొత్త కాదు. వెండితెర నవల అని దానికి చక్కని పేరు కూడా ఉంది. ముళ్ళపూడి వెంకటరమణ అంతటివాడు అందులో చెయ్యి పెట్టాడు. అయినా ఆ పుస్తకాలను సినిమా ప్రచారంలో ఒక భాగంగా చూసి పక్కన పెట్టేశాం. ఇంగ్లీషు సాహిత్య లోకమూ టీవీ నవలలను అదే చిన్నచూపు చూసింది. నేను ఈ నవలలను ఇష్టంగా చదువుతాను. వాటికి తమదైన పనితనం ఉంది. అది తెలిస్తే చదవడంలో ఆనందం రెట్టింపవుతుంది కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ముందు సీరియల్ సంగతి. 1963 నవంబర్ 23న మొదలైంది. డాక్టర్ అనే గ్రహాంతరవాసి నీలిరంగు పోలీసు పెట్టెలా కనిపించే టార్డిస్ అనే యంత్రంలో కాలాల మధ్య తిరుగుతుంటాడు. నటుడు మారినప్పుడల్లా డాక్టర్ శరీరమే మారిపోయిందని కథలో చెబుతారు. ఆ ఒక్క ఉపాయంతో సీరియల్ దశాబ్దాల తరబడి నడిచింది.

సీరియల్ మొదలైన ఏడాదికే, 1964లో, తొలి నవల వచ్చింది. రాసినవాడు డేవిడ్ విటేకర్, ఆ సీరియల్‌కు మొదటి స్క్రిప్ట్ ఎడిటర్. డాలెక్ అనే లోహపు కవచాల జీవులు మొదటిసారి కనిపించిన కథను ఆయన తీసుకున్నాడు. స్క్రిప్టును ఉన్నదున్నట్టు వాక్యాల్లో పెట్టి ఇవ్వవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆయన అలా చేయలేదు. కథనాన్ని ఇయాన్ అనే పాత్ర నోట ‘నేను’గా చెప్పించాడు. టీవీలో ఇయాన్, బార్బరా ఒకే బడిలో పనిచేసే టీచర్లు. నవలలో ఇద్దరూ ముక్కూమొహం తెలియనివాళ్లు. పొగమంచు కమ్మిన రాత్రి, లండన్‌లోని బార్న్స్ కామన్ దగ్గర, ఒక కారు ప్రమాదం వాళ్లను కలుపుతుంది. టీవీలో లేని గాజు డాలెక్ ఒకటి నవలలో ఉంది. అంటే ఈ ప్రక్రియ మొదటి అడుగులోనే స్వతంత్రించింది. తెర మీద జరిగినదాన్ని గౌరవిస్తూనే, పుస్తకానికి ఏం కావాలో పుస్తకమే తేల్చుకుంది.

ఆ తర్వాత రెండు నవలలు వచ్చి ఆగిపోయాయి. 1973లో టార్గెట్ బుక్స్ అనే సంస్థ ఆ మూడింటినీ తిరిగి అచ్చువేసింది. బాగా అమ్ముడుపోవడంతో 1974 జనవరి నుంచి కొత్తవి రాయించింది. ఇక్కడే టెరెన్స్ డిక్స్ వస్తాడు. ఆయన కూడా సీరియల్‌కు స్క్రిప్ట్ ఎడిటర్‌గా పనిచేసినవాడే. ఒక్కడే అరవైకి పైగా నవలలు రాశాడు. ఇంత రాసినవాడిని ‘బండెడు రాశాడు’ అని తీసిపారేయడం తేలిక. ఆయన పేజీని ఒకసారి నెమ్మదిగా చదివి చూడాలి. పొట్టి వాక్యాలు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, తలుపు ఏ వైపు ఉందో ఎప్పుడూ స్పష్టంగా తెలుస్తుంది. రెండు పేజీల్లో చనిపోబోయే కాపలా సైనికుడికి కూడా ఒక ఆలోచన, ఒక చిరాకు, ఇంటికి వెళ్లాలన్న తొందర ఇస్తాడు. తెర మీద అతను యూనిఫాం వేసుకున్న జూనియర్ నటుడు, అంతే. పుస్తకంలో మనిషవుతాడు. ఒక్కో డాక్టర్‌ను రెండు మూడు మాటల్లో వర్ణించి, ఆ మాటలనే పుస్తకం తర్వాత పుస్తకంలో వాడాడు. యంత్రం చేసే చప్పుడుకీ అంతే. పిల్లలు ఈ పుస్తకాలను వరుసలో చదవరు, గ్రంథాలయంలో ఏది దొరికితే అది చదువుతారు. ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీలోనే ఏ డాక్టరో తెలిసిపోవాలి. అందుకోసం చేసిన పని అది. ఒక తరానికి చదివే అలవాటు చేసింది ఈ పేజీలే.

డిక్స్‌ది శుభ్రమైన పనితనం. మాల్కం హల్క్‌ది అంతకన్నా లోతైనది. ఈ నవలలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైన రచయిత ఆయనే. హల్క్ కొంతకాలం కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1970లో సీరియల్‌కు ఆయన రాసిన ఒక కథలో భూగర్భంలో యుగాల తరబడి నిద్రపోయిన సరీసృప జాతి మేలుకుంటుంది. మనుషులకంటే ముందు ఈ భూమి వాళ్లది. టీవీలో ఆ జీవులు రబ్బరు ముసుగులు వేసుకున్న నటులు, వాళ్లకు పేర్లు కూడా లేవు. 1974లో హల్క్ ఆ కథనే ‘ది కేవ్ మాన్‌స్టర్స్’ పేరుతో నవలగా రాశాడు. నవల వాళ్లతోనే మొదలవుతుంది. ఒక్‌డెల్ అనే వృద్ధుడు తన లోకాన్ని చివరిసారి చూసుకుని దీర్ఘనిద్రకు సిద్ధమవుతాడు. ఆకాశంలో ఒక చిన్న గ్రహం దగ్గరవుతోంది. అది ముంచుకొచ్చేలోపు జాతి మొత్తం భూమి లోపలికి వెళ్లిపోవాలి. పాఠకుడు మనుషులను కలిసేసరికే అవతలి పక్షాన్ని ఎరిగి ఉంటాడు. చివర మనుషులు ఆ గుహలను పేల్చేస్తారు. టీవీలో చూసినవాళ్లకు డాక్టర్ బాధ కనిపిస్తుంది. నవల చదివినవాళ్లు పోయినవాళ్లను పేరుపేరునా ఎరుగుదురు.

కథ మారలేదు, ముగింపూ మారలేదు. కథను ఎవరి వైపు నుంచి చూడాలన్నది మాత్రం మారింది. ఈ ప్రక్రియ అసలు బలం ఇదేనని నా అభిప్రాయం.

ఇంకో బలం డబ్బుకు సంబంధించినది. 1975లో ‘ది ఆర్క్ ఇన్ స్పేస్’ అనే కథలో ఒక మనిషి క్రమంగా కీటకంగా మారిపోవాలి. బీబీసీ బడ్జెట్ ఎంతంటే, నటుడి చేతికి బుడగల ప్లాస్టిక్ షీటు చుట్టి ఆకుపచ్చ రంగు పూశారు. నటుడు ప్రాణం పెట్టి నటించాడు గానీ, చూస్తే ప్లాస్టిక్ ప్లాస్టిక్‌లాగే ఉంటుంది. ఆ కథలోనే డాక్టర్ సహచరుడిగా నటించిన ఇయాన్ మార్టర్ 1977లో దాన్ని నవలగా రాశాడు. అక్కడ ప్లాస్టిక్ లేదు. చర్మం, జిగురు, వాసన, తన మనసు తనది కాకుండా పోతున్న మనిషి భయం ఉన్నాయి. పిల్లల పుస్తకమని చెప్పి చేతికిస్తే పెద్దవాళ్లు కూడా దీపం ఆర్పడానికి ఆలోచిస్తారు.

ఈ రచయితల కష్టం ఏమిటో తెలుగువాళ్లకు అవధానంతో చెబితే త్వరగా అర్థమవుతుంది. సమస్యాపూరణంలో చివరి పాదం పృచ్ఛకుడిది. మిగతా మూడు పాదాలు రాసి అవధాని అక్కడికి చేరాలి. టీవీ కథను నవల చేసే రచయితకూ చివరి పాదం ముందే ఖాయమై ఉంటుంది. టీవీలో రాని సొంత కథతో, అవే పాత్రలతో నవల రాసేవారికైతే నిషిద్ధాక్షరి కూడా ఎదురవుతుంది. నాయకుడు చనిపోకూడదు, ముఖ్య పాత్ర పెళ్లి చేసుకోకూడదు, నవల ముగిసేసరికి అన్నీ మొదట ఉన్న చోటికే రావాలి. రాతప్రతిని హక్కుదారులు ఆమోదించాలి. సృష్టించిన పాత్రల మీద రచయితకు యాజమాన్యం చాలాసార్లు ఉండదు. ఇన్ని కట్టుబాట్ల మధ్య మంచి పుస్తకం వచ్చిందంటే చిన్న విషయం కాదు.

కట్టుబాటే కొందరికి రెక్కలిచ్చింది. డొనాల్డ్ కాటన్ 1960లలో తాను రాసిన ట్రాయ్ యుద్ధం కథను 1985లో నవలగా మార్చినప్పుడు, కథ చెప్పే పని హోమర్‌కు అప్పగించాడు! మహాకవే ప్రత్యక్ష సాక్షి. రోమ్ నేపథ్యంగా ఉన్న ఇంకో కథను మొత్తం ఉత్తరాలు, డైరీల రూపంలో రాశాడు. టీవీ సీరియల్ నవల పేరుతో ఇంత ప్రయోగం జరిగిందని చెబితే నమ్మని సాహిత్య మిత్రులకు ఈ రెండు పుస్తకాలు ఇచ్చి చూడాలి.

అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ది ఇలాంటిదే మరో దారి. మన దేశంలో దూరదర్శన్ చూసినవాళ్లకు ఈ పేరు పరిచయమే. 1967 నుంచే జేమ్స్ బ్లిష్ దాని ఎపిసోడ్లను కథలుగా మలిచాడు. తొలి చిత్తుప్రతులను ఆధారం చేసుకోవడంతో కొన్ని కథలు ప్రసారమైనవాటికి భిన్నంగా ఉంటాయి. 1980లలో సొంత కథల నవలలు జోరందుకున్నాయి. అప్పటి పుస్తకాల్లో జాన్ ఎం. ఫోర్డ్ 1984లో రాసిన ‘ది ఫైనల్ రిఫ్లెక్షన్’ను మించినది నాకు కనబడలేదు. సీరియల్‌లో క్లింగాన్లు పళ్లు నూరే శత్రువులు. ఫోర్డ్ దాదాపు నవల మొత్తాన్నీ వాళ్ల మధ్యే నడిపాడు. వాళ్ల రాజకీయం, ఆటలు, మర్యాదలు అన్నీ కల్పించాడు. కానీ తర్వాత వచ్చిన టీవీ సీరియళ్లు క్లింగాన్లను వేరే విధంగా తీర్చిదిద్దాయి. ఫోర్డ్ లోకం అధికారికం కాకుండా పోయింది. పుస్తకం కల్పించినదాన్ని తెర ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. రచయితకు ఇది తెలుసు, తెలిసే రాస్తాడు. అప్పుడప్పుడు ఎదురు దారిలో కూడా జరుగుతుంది. సులు అనే పాత్రకు సీరియల్‌లో ఇంటిపేరు తప్ప మరో పేరు లేదు. వోండా మెకింటైర్ 1981 నాటి నవలలో అతనికి హికారు అని పేరు పెట్టింది. పదేళ్ల తర్వాత, 1991 సినిమాలో, ఆ పేరు తెర మీద పలికింది.

మళ్లీ డాక్టర్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అక్కడ నవలలు చేసిన మేలు పేరు పెట్టడం కన్నా చాలా పెద్దది. 1989 డిసెంబర్‌లో సీరియల్ ఆగిపోయింది. 1990లో బెన్ అరొనొవిచ్ తన టీవీ కథ ‘రిమెంబ్రెన్స్ ఆఫ్ ది డాలెక్స్’ను నవలగా రాస్తూ, పాత్రలకు గతాలు, డాలెక్‌లకు లోపలి ఆలోచనలు కల్పించి, పిల్లల పుస్తకం హద్దు దాటించాడు. 1991 నుంచి వర్జిన్ సంస్థ ‘న్యూ అడ్వెంచర్స్’ పేరుతో పెద్దల కోసం సొంత కథల వరుస మొదలుపెట్టింది. 1997 దాకా 61 నవలలు. వాళ్లు తీసుకున్న గొప్ప నిర్ణయం ఒకటుంది. ఇంతకుముందు ఏమీ అచ్చుకాని రచయితలు కూడా రాతప్రతులు పంపవచ్చన్నారు. అభిమానులు రచయితలయ్యారు. ఆస్ట్రేలియా నుంచి కేట్ ఆర్మన్ వచ్చింది. పాల్ కార్నెల్, మార్క్ గేటిస్, రసెల్ టి డేవిస్ ఈ వరుసలో రాశారు.

2005లో సీరియల్‌కు తిరిగి ప్రాణం పోసి నడిపింది ఆ డేవిసే. కార్నెల్, గేటిస్ దానికి స్క్రిప్టులు రాశారు. కార్నెల్ 1995 నవల ‘హ్యూమన్ నేచర్’లో డాక్టర్ తన జాతి లక్షణాలు వదిలి, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండ్ పల్లెలో మామూలు మాస్టారుగా బతుకుతాడు, ప్రేమిస్తాడు. నవలలో మనిషి అనుభవం ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్న కోరిక అందుకు కారణం. 2007లో దాన్నే టీవీ కోసం తిరగరాసినప్పుడు, వేటాడుతున్నవాళ్ల నుంచి తప్పించుకోవడం కారణమైంది. టీవీ రూపం బిగువుగా ఉంటుంది, నిజమే. నాకు నవలలోని కారణమే గొప్పగా తోస్తుంది. ఆపదకు దొరికిన ఉపాయంలా గాక, కోరి చేసుకున్న పనిలా ఉన్నప్పుడే ఆ కథకు బరువు వస్తుంది.

ఇవన్నీ చెప్పి, ఈ రాశిలో పేలవమైనవి లేవంటే అబద్ధమవుతుంది. డిక్స్ సైతం తొందరలో రాసిన కొన్ని పుస్తకాలు సంభాషణల మధ్య ‘అన్నాడు, అంది’ చేర్చిన స్క్రిప్టుల్లా ఉంటాయి. అలాంటివి ఇరవై పేజీలు చదివితే తెలిసిపోతుంది, నిస్సంకోచంగా వదిలేయవచ్చు.

పోయిన టేపులు కొన్ని తిరిగి దొరికాయి. 1992లో హాంకాంగ్ నుంచి ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’, 2013లో నైజీరియా నుంచి ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’ పూర్తిగా చేతికొచ్చాయి. ఆ రెండింటికీ అప్పటికే నవలలున్నాయి. ఏళ్ల తరబడి పేజీల్లో ఊహించుకున్నదాన్ని తెర మీద సరిచూసుకునే అవకాశం వచ్చింది. ఈ నవలలు చదవడానికి నేను చెప్పే మంచి పద్ధతి కూడా అదే. ముందు పుస్తకం, తర్వాత ఎపిసోడ్. ముందు తెర చూస్తే నటుల ముఖాలు, సెట్లు మన ఊహకు కళ్లెం వేస్తాయి. ముందు చదివితే, రచయిత ఏది చేర్చాడు, ఏది వదిలాడు, ఎవరి లోపలికి వెళ్లాడు అన్నది చూస్తున్నప్పుడు స్పష్టమవుతుంది. మొదటి పుస్తకంగా హల్క్ ‘కేవ్ మాన్‌స్టర్స్’ తీసుకోండి. సీరియల్ గురించి ఒక్క ముక్క తెలియకపోయినా అది చదివించుకుంటుంది. తర్వాత ఫోర్డ్. ఆ రెండూ నచ్చితే, 2018లో పునరుద్ధరించిన టార్గెట్ వరుసలో స్టీవెన్ మొఫట్ రాసిన ‘ది డే ఆఫ్ ది డాక్టర్’ చూడండి. తన సొంత స్క్రిప్టునే తీసుకుని, అధ్యాయాల అంకెలను వరుస తప్పించి, కాలంలో తిరిగే మనిషి కథను కాలం తప్పిన పుస్తకంగా కట్టాడు. టీవీ అలాంటి పని చేయలేదు, పేజీ నంబర్లున్న పుస్తకానికే అది సాధ్యం.