పిలిచే గొంతు ఏ భాషది? – కోలారు సీమలో భయానక కథ, సినిమా

భయానక నవలలనూ దెయ్యాల సినిమాలనూ మన విశ్వవిద్యాలయాల విమర్శ చాలాకాలం గడప దాటి లోపలికి రానివ్వలేదు. అవి రైలు ప్రయాణంలో కాలక్షేపానికి పనికివచ్చే సరుకనీ, వాటిలో పరిశీలించవలసినది ఏమీ లేదనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. మేము దానితో ఏకీభవించలేము. ఒక సమాజం దేన్ని చూసి నవ్వుతుందో తెలుసుకోవడం ఎంత అవసరమో, దేన్ని విని వణుకుతుందో తెలుసుకోవడమూ అంతే అవసరం. 'విని' అన్న మాట ఇక్కడ కావాలనే వాడాం. భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భయానక రసానికి కారణాలు చెబుతూ వికృతరవాన్ని, అంటే అసహజంగా వినిపించే ధ్వనిని, మొదట పెట్టాడు. నక్కల కూతలు, గుడ్లగూబలు, శూన్యగృహాలు, అరణ్యాలు, అయినవాళ్ళ చావునూ చెరనూ చూడడం లేదా వినడం ఆ తరవాత వస్తాయి. వీటిలో మూడింటిని, అంటే ధ్వనిని, శూన్యగృహాన్ని, అయినవాళ్ళ చావును తీసుకుని, కోలారు జిల్లా వైపు నుంచి కొన్ని భయానక కథలను చదవాలని ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

కోలారునే ఎందుకు ఎంచుకున్నామో ముందు చెప్పాలి. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట తాలూకాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బడిలోనూ కచేరీలోనూ కన్నడం. కోలారు బంగారు గనుల కాలనీల్లోకి వెళితే ఎక్కువగా వినబడేది తమిళం. ఒకే మనిషి పొద్దున్నుంచి రాత్రిలోగా మూడు భాషల్లో తిరిగివచ్చే ప్రాంతం ఇది. ఇటువంటి చోట దెయ్యం వచ్చి తలుపు తడితే ఏ భాషలో పిలుస్తుంది? ఇంట్లోవాళ్ళు ఏ భాషలో జవాబు చెబుతారు? భాషాశాస్త్రం చదివినవాళ్ళకు తోచే ప్రశ్నలే అయినా, ఇవి రసానికి సంబంధించిన ప్రశ్నలు కూడా.

1990ల్లో కర్ణాటకలో చాలా ఇళ్ళ తలుపుల మీద 'నాళె బా' అన్న రాత కనిపించేది. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వీధుల్లో తిరుగుతుందనీ, తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందనీ, తలుపు తీస్తే చావు తప్పదనీ వదంతి. తలుపు మీద 'రేపు రా' అని రాసి ఉంటే అది చదువుకుని వెళ్ళిపోతుంది. మర్నాడు వచ్చి మళ్ళీ చదువుకుంటుంది. మళ్ళీ వెళ్ళిపోతుంది. ఆంధ్రదేశంలో ఇదే వదంతి 'ఓ స్త్రీ రేపు రా' అన్న రాతగా వ్యాపించింది. 2016లో ఆ పేరుతో తెలుగులో ఒక సినిమా కూడా వచ్చింది. 2018లో వచ్చిన హిందీ సినిమా 'స్త్రీ'కి పునాది కూడా ఇటువంటి వదంతే.

ఈ చిన్న వాక్యంలో వ్యాకరణం చేసే పని గమనించదగ్గది. 'రేపు' అన్న మాటకు స్థిరమైన తేదీ లేదు. ఏ రోజు చదివితే ఆ రోజు నుంచి లెక్క మొదలవుతుంది. అక్షరాలు వచ్చిన దెయ్యానికి ఈ సంగతి తెలియకపోవడం మీదనే ఇంటి రక్షణ అంతా ఆధారపడి ఉంది. ఇక సంబోధన చూద్దాం. కన్నడంలో 'బా', తెలుగులో 'రా' - రెండూ ఏకవచనమే. పిల్లలను, దేవుణ్ణి, బాగా దగ్గరివాళ్ళను మనం అలా పిలుస్తాం. 'స్త్రీ' అన్నది మాత్రం ఇంట్లో ఎవరూ వాడని సంస్కృత పదం. ఆడమనిషిని 'ఓ స్త్రీ' అని ఏ ఊళ్ళోనూ పిలవరు. దూరం పెట్టే పుస్తకాల మాట, దగ్గరికి పిలిచే చనువు మాట ఒకే వాక్యంలో పక్కపక్కన నిలిచాయి. వచ్చినది పరాయిదో అయినదో తేల్చుకోలేని మనసు అందులో కనిపిస్తుంది.

కోలారు తెలుగు ఇళ్ళలో దీనికి ఇంకొక మెలిక ఉంది. బడిలో నేర్చినది కన్నడ లిపి కనుక తలుపు మీది రాత కన్నడం. అమ్మ గొంతుతోనో అత్త గొంతుతోనో పిలిచే దెయ్యం మాట్లాడవలసినది మాత్రం తెలుగు, ఎందుకంటే ఆ ఇంట్లో అమ్మ భాష అదే. పిలుపు ఒక భాషలో, జవాబు ఇంకొక భాషలో. కాపాడేది బడి నేర్పిన అక్షరం, భయపెట్టేది ఇంటి మాట. వదంతి పుట్టించినవాళ్ళు ఇదంతా ఆలోచించి ఉండరు. అయినా అక్షరం లేక నోటి మాటగానే బతికే భాష స్థితి ఏమిటో ఆ తలుపు దగ్గర తేటతెల్లంగా కనబడుతుంది.

నవలల విషయానికి వస్తే, యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' తెలుగులో భయానక నవలకు పెద్ద పాఠకలోకాన్ని తెచ్చిపెట్టింది. 1985లో అది కన్నడంలో సినిమా అయింది. దర్శకుడు వేమగల్ జగన్నాథరావు. ఆయన పేరులోని వేమగల్ కోలారుకు దగ్గరి ఊరే. తెలుగు భయం కన్నడంలోకి వెళ్ళిన దారి కూడా ఈ సీమను తాకుతూనే పోయిందన్నమాట. ఆస్తి కోసం ఒక పసిపిల్ల మీద క్షుద్రప్రయోగం చేయించడం ఇందులో ఇతివృత్తం. భరతుడు చెప్పిన 'అయినవాళ్ళ' భయం ఇక్కడ ఒక మెట్టు ఎక్కింది. అయినవాళ్ళకు ఏమవుతుందో అన్న భయం కాస్తా డబ్బు వచ్చేసరికి ఎవరు అయినవాళ్ళో తెలియని భయంగా మారింది. నవల అంతటా మోగే 'కాష్మోరా' అన్న పేరు వికృతరవానికి మంచి ఉదాహరణ. అచ్చతెలుగు మాటల్లో కనబడని 'ష్మ' అన్న సంయుక్తాక్షరమే సగం పని చేస్తుంది. అర్థం తెలిసేలోగానే చెవి జంకుతుంది.

పరాయి ధ్వనితో భయపెట్టే ఈ పద్ధతి పూర్తిగా విచ్చుకున్నది సినిమాలో. 1993లో మలయాళంలో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళ్' ఒక పాత భవనంలో మూసి ఉంచిన గది తలుపు తెరిచిన ఇల్లాలి కథ. ఆమె లోపల ఒక చనిపోయిన నర్తకి మేలుకొని మాట్లాడడం మొదలుపెడుతుంది. మలయాళంలో ఆ నర్తకి భాష తమిళం. పి. వాసు 2004లో కన్నడంలో తీసిన 'ఆప్తమిత్ర'లో ఆమె ఆంధ్రదేశం నుంచి వచ్చిన నాగవల్లి, ఆమె భాష తెలుగు. 2005లో తమిళ 'చంద్రముఖి'లోనూ తెలుగే. 2007లో హిందీ 'భూల్ భులైయా'కు వచ్చేసరికి బెంగాలీ అయింది. ఒక నియమం స్పష్టంగా కనబడుతుంది: ఎవరి సినిమాలోనైనా దెయ్యం మాట్లాడేది పొరుగువాళ్ళ భాష. బొత్తిగా తెలియని భాష అయితే అది వట్టి చప్పుడు. పూర్తిగా తెలిసిన భాష అయితే వింత లేదు. సగం తెలిసి సగం తెలియని పొరుగు భాషకే భయపెట్టే శక్తి ఉంది.

'ఆప్తమిత్ర'లో ఆ ఇల్లాలిగా నటించిన సౌందర్య కోలారు జిల్లా ముళబాగిలు ప్రాంతంతో సంబంధం ఉన్న నటి. కన్నడ, తెలుగు ప్రేక్షకులు ఇద్దరూ తమ మనిషి అనుకున్న నటి. 2004 ఏప్రిల్‌లో ఆమె విమాన ప్రమాదంలో చనిపోయారు. సినిమా ఆగస్టులో విడుదలైంది. ముళబాగిలు అంటే తూర్పు వాకిలి అని అర్థం చెబుతారు. మన 'వాకిలి', కన్నడ 'బాగిలు' ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. రెండు భాషల నడుమ నిలిచిన వాకిలి నుంచి వచ్చిన నటి, ఒకే శరీరంలో రెండు భాషలు మాట్లాడే పాత్ర వేశారు.

ఆ సినిమాలో వైద్యుడు దీన్ని మనోవ్యాధిగా నిర్ణయిస్తాడు. కథ ప్రకారం అది సరైన నిర్ణయమే. కాని తెలుగు మాట్లాడడం రోగలక్షణంగానూ, తెలుగు ఆగిపోవడం స్వస్థతగానూ తెర మీద అమరిపోయింది. ఒకే నోట రెండు భాషలు రావడం కోలారులో ఏ ఇంట్లోనైనా మామూలు సంగతి. అక్కడి ప్రేక్షకుడు దీన్ని ఎలా చూడాలి?

ఇక్కడే మా ముఖ్యమైన ప్రతిపాదన ఉంది. నాగవల్లిని రాజు తన భవనానికి తెచ్చుకున్నాడు. ఆమెనూ ఆమె ప్రేమించినవాణ్ణీ చంపాడు. ఆమె చెప్పుకున్న మొర వినిపించుకునేవాళ్ళు ఆ భవనంలో లేరు. తెలుగు రాని ప్రేక్షకుడికి ఆమె మాట వికృతరవం. తెలుగు వచ్చినవాడికి అది ఫిర్యాదు. అదే దృశ్యం, అదే గొంతు, అయినా భాష తెలిసినవాడి దగ్గర భయానకం కరుణగా మారిపోతుంది. రసం పాత్రలోనే కాక, వినేవాడి భాషాజ్ఞానంలో కూడా ఉందనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం మాకు కనబడలేదు. దర్శకుడు ఉద్దేశించినా లేకపోయినా, కోలారు తెలుగు ప్రేక్షకుడు ఆ నర్తకికి దొరికిన మొదటి శ్రోత.

భవనాల దెయ్యాలతో తృప్తిపడిపోవడం మన భయానక సాహిత్యంలోని లోపం. 2009లో వచ్చిన 'అరుంధతి' కూడా గద్వాల కోటనే ఆశ్రయించింది. కోలారు బంగారు గనుల దగ్గర భరతుడు చెప్పిన కారణాలన్నీ నిజ జీవితంలోనే ఉన్నాయి. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టింది. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. అంత లోతులో రాతి మీద ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా పగిలేది. ఆ అదురు పైన ఇళ్ళలోనూ తెలిసేది. ఆ పూట గనిలోకి దిగినవాళ్ళు ఎవరో ఇంట్లో ఉన్నవాళ్ళకు తెలుసు. దానికంటే వికృతరవం ఏముంటుంది? రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి నెమ్మదిగా చంపిన జబ్బుకు ఆ చప్పుడు కూడా లేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మిగిలినవి పాడుబడ్డ యంత్రశాలలు, సయనైడ్ మట్టిదిబ్బలు. 2018లో వచ్చిన 'కె.జి.ఎఫ్.' సినిమా ఆ దిబ్బల దగ్గర చిత్రీకరణ జరుపుకుని దేశమంతటికీ ఆ పేరు వినిపించింది గాని, అందులోని గని లోకం కల్పితం. శూన్యగృహాన్ని చూపించింది, అందులో ఎవరు ఉండేవారో చెప్పలేదు.

ఆంధ్రదేశానికి వెలుపల తెలుగు చదువుతున్న మా విద్యార్థులకు ఒక పని అప్పగించి ముగిస్తాం. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వనో తాతనో దెయ్యాల కథ ఒకటి చెప్పమని అడగండి. కథ అయ్యాక ఆ దెయ్యం ఏ భాషలో పిలిచిందో, ఏమని పిలిచిందో అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. గనుల్లో పనిచేసినవాళ్ళు ఉంటే వాళ్ళ భయాలను కూడా రాయండి. వాళ్ళు చెప్పే తెలుగు మీ పాఠ్యపుస్తకాల తెలుగులా ఉండదు. దిద్దకండి. ఆ మాట మనకు అర్థమవుతున్నంత కాలమే అది అవ్వ మాట. అర్థం కావడం మానిన నాడు పక్కగదిలో నుంచి అవ్వ పిలిచినా, తలుపు అవతలి గొంతులాగే వినిపిస్తుంది.