బ్లాస్కెట్ దీవి ఆత్మకథలు: ‘ఏకాంత సమాజం’ అన్న భావనపై ఒక పరిశీలన

ఐర్లండ్ నైరుతి కొసన, డింగిల్ ద్వీపకల్పానికి ఎదురుగా ఉన్న చిన్న దీవి గ్రేట్ బ్లాస్కెట్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అక్కడి జనాభా సుమారు 175. అంతకు మించి ఎన్నడూ లేరు. దీవిలో వైద్యుడు లేడు, చర్చి లేదు. ప్రధాన భూభాగంలోని డన్‌క్విన్ రేవుకు చేరాలంటే, కర్రబద్దల చట్రం మీద తారు పూసిన కాన్వాసు బిగించిన తేలిక పడవలో తెడ్లు వేసుకుంటూ సుమారు మూడు మైళ్ల సముద్రాన్ని దాటాలి. ఇంత చిన్న ఊరినుంచి ఎనిమిదేళ్ల లోపే ఐరిష్ భాషలో మూడు ప్రసిద్ధ ఆత్మకథలు వెలువడ్డాయి. తోమాస్ ఓ క్రోహన్ ‘దీవి మనిషి’ 1929లోనూ, మారిస్ ఓ సలివన్ ‘ఇరవయ్యేళ్ల ఎదుగుదల’ 1933లోనూ, పెగ్ సేయర్స్ ‘పెగ్’ 1936లోనూ అచ్చయ్యాయి. వీటిని నాగరికత సోకని సమాజపు స్వచ్ఛమైన గొంతుగా చదవడం విమర్శలో అలవాటైంది. ఈ పఠనం రచనలకే కాక, వాటిని రాసిన మనుషులకూ అన్యాయం చేస్తుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

దారి లేకపోవడం వేరు, సంబంధం లేకపోవడం వేరు. బ్లాస్కెట్ జాలరులు తాము పట్టిన పెద్దరొయ్యలను బయటి దేశాల పడవలకు అమ్మేవారు. డింగిల్ అంగడికి చేపలూ ఉన్నీ తీసుకువెళ్లేవారు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వలసవెళ్లిన పిల్లలు ఉత్తరాలూ డబ్బూ పంపేవారు. దీవిలో చనిపోయినవారిని ఖననానికి సముద్రం మీదుగానే అవతలి ఒడ్డుకు చేర్చేవారు. సముద్రమే వారికి రహదారి అని సరిపెట్టుకోవడం తేలికే గాని, అదీ అర్ధసత్యమే. ఆ దారి ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో నిర్ణయించేది వాళ్లు కాదు.

ఓ సలివన్ రచన ఆంగ్లానువాదానికి పీఠిక రాసిన ఇ.ఎం. ఫార్‌స్టర్, అందులో నవీన శిలాయుగ నాగరికతను లోపలినుంచి చూసిన చిత్రం కనిపించిందన్నాడు. కాని ఆ ‘శిలాయుగ’ రచయిత 1927లోనే దీవి విడిచి పోలీసు ఉద్యోగంలో చేరాడు. పుస్తకం రాసింది ఆ తరువాతే. అందులోని ఉల్లాసం దూరంనుంచి తిరిగి చూసిన చూపులో పుట్టింది. ఫార్‌స్టర్ పీఠిక ఈ దూరాన్ని చెరిపేసింది.

తోమాస్ విషయం మరింత జటిలం. దీవి బడిలో చెప్పింది ఇంగ్లీషు చదువు. తన మాతృభాషను చదవడం, రాయడం ఆయన పెద్దయ్యాక నేర్చుకున్నాడు. 1917లో దీవికి వచ్చిన బ్రియన్ ఓ కెల్లీ ఆయనకు పియర్ లోతీ, గోర్కీ రచనలను పరిచయం చేసి, సామాన్యుల జీవితం సాహిత్యం కాగలదని నమ్మించాడు. తోమాస్ భాగాలు భాగాలుగా రాసి పంపాడు. వాటిని ‘అన్ షావక్’ అన్న కలంపేరుగల సంపాదకుడు కత్తిరించి, సవరించి 1929లో ప్రచురించాడు. యౌవనపు చిలిపి ప్రసంగాలు కొన్ని ఆ కత్తెరకు పోయాయి. 1973లో తోమాస్ మనవడు మరో పాఠం తెచ్చాడు. రాతప్రతికి దగ్గరైన పాఠం 2002లో షాన్ ఓ కోలాన్ పరిష్కరణతో గాని రాలేదు. కాబట్టి తొలి ముద్రణలో కనిపించే నిగ్రహశీలుడైన జాలరి కొంతవరకు సంపాదకుని సృష్టి. బిరుదురాజు రామరాజు 1956 నాటి సిద్ధాంత గ్రంథం నుంచి జానపద పరిశోధనకు గట్టి పునాది ఉన్న మనకు ఈ ఉదంతం పరాయిది కాదు. కథకుని మాటను అచ్చువేసి, దాన్ని రాబట్టిన ప్రశ్నను వదిలేయడం మన సేకరణల్లోనూ తరచు కనిపిస్తుంది. వాడబలిజ, జాలారి కథనాలను సేకరిస్తున్న పరిశోధకులు ఈ పాఠచరిత్రను ఒకసారి చూడటం మంచిది.

అయితే సంపాదకుని చేయి పడిన చోటల్లా తోమాస్ గొంతు పోయిందనడం తొందరపాటు. తన పిల్లల మరణాలను ఆయన చెప్పిన తీరే దీనికి సాక్ష్యం. ఒక కొడుకు పక్షిపిల్లల కోసం కొండ అంచుకు వెళ్లి పడిపోయాడు. కొందరిని పొంగు, కోరింత దగ్గు తీసుకుపోయాయి. మరో కొడుకు 1909లో, దీవికి అతిథిగా వచ్చిన యువతిని మునిగిపోకుండా కాపాడబోయి తానూ మునిగిపోయాడు. ఇన్ని మరణాలకు రచయిత ఇచ్చిన చోటు బహుస్వల్పం. వెంటనే కథనం పనిలోకి, బతుకులోకి మళ్లుతుంది. దీన్ని భావదారిద్ర్యమనో, ఆదిమ నిర్లిప్తత అనో అనుకుంటే పొరపాటు. ఓడల కొయ్యల గురించీ, వేటల గురించీ పుటలు పుటలు రాయగల కథకుడు ఇక్కడ మాట తగ్గించుకోవడం ఎంపిక. మన అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే శోకానికి విభావాలు ఉన్నాయి, అనుభావాలను మాత్రం ఆపేశాడు. వినేవారికందరికీ ఇలాంటి చావులు ఉన్న ఊళ్లో ఏడుపును వర్ణించి చెప్పవలసిన పని లేదు. ఆ ఊరి శ్రోతను మనసులో ఉంచుకునే ఆయన పరదేశి పాఠకునికి రాశాడు.

పెగ్ సేయర్స్ పుట్టింది డన్‌క్విన్‌లో. పెళ్లితో దీవికి వచ్చింది. ఆమె చెప్పగా కొడుకు రాశాడు. తరువాత పుస్తకం దశాబ్దాల పాటు ఐరిష్ బడుల్లో పాఠ్యగ్రంథమై ఆమెను కేవలం దుఃఖమూర్తిగా నిలిపింది. జానపద సేకర్తలకు వందల కథలు చెప్పిన నేర్పరి కథకురాలు ఆ మూర్తి వెనుక మరుగునపడింది.

తోమాస్ 1937లో మరణించాడు కనుక దీవి ముగింపు ఆయన పుస్తకంలో లేదు. 1946-47 శీతకాలంలో మెదడు పొరల వాపుతో ఒక యువకుడు వైద్యం అందక చనిపోయాడు. రేడియో టెలిఫోన్ పనిచేయలేదు, సముద్రం దాటనివ్వలేదు. 1947 ఏప్రిల్‌లో తుఫానులో చిక్కుకున్న దీవివాసులు తిండి పంపమని ప్రధానమంత్రి డి వలేరాకు తంతి పంపారు. ఏ భాషను జాతి ఆత్మ అని రాజ్యం కీర్తించిందో ఆ భాష మాట్లాడే మనుషులు అడిగింది తిండి. బ్లాస్కెట్ వాఙ్మయ చర్చలో ఈ కొద్ది మాటల తంతిని కూడా ఒక పాఠంగా లెక్కించాలి. అది ఎవరూ అడగకుండా, ఎవరూ సంస్కరించకుండా దీవి తనంత తానుగా బయటికి పంపిన మాట. దానికి పూర్తి సమాధానం రావడానికి ఆరేళ్లు పట్టింది. 1953 నవంబరు 17న ప్రభుత్వం దీవిని ఖాళీ చేయించడం మొదలుపెట్టేనాటికి అక్కడ మిగిలింది 22 మంది.