క్రిస్మసు కవిత్వమున ప్రేమ విశ్వాసములు

క్రిస్మసు పండుగను గూర్చిన తెలుగు కవిత్వమును పరిశీలించునపుడు మొదట వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. అందు ప్రేమ విశ్వాసమునకు అలంకారమా, లేక విశ్వాసమును పరీక్షించు గీటురాయియా? రెండవదియే సత్యమని మా యభిప్రాయము.

ఈ కవిత్వము ముఖ్యముగా రెండు పాయలుగా సాగినది. మొదటిది కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారు పల్లవి చరణములతో, రాగతాళములతో సంఘారాధనకై కూర్చిన పాటలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనల’లో చేరి నేటికిని పాడబడుచున్నవి. కీర్తనలో పలుకునది సంఘము, ఆలకించువాడు దేవుడు. కావున అందు ప్రేమ ప్రధానముగా దైవగుణముగా స్తుతింపబడును. రెండవది పద్యకావ్యము. ఇందు కవి సంఘము నుండి యొక యడుగు వెలుపలికి వచ్చి లోకముతో మాటాడును. ఆ ప్రేమ మనుష్యుల నడుమ కలదా యని యడుగక అతనికి తప్పదు.

ఋతువర్ణన అష్టాదశవర్ణనలలో నొకటి యగుటచే ఈ పండుగను గూర్చి వ్రాయు కవి హేమంతమును వర్ణింపబూనుట సహజము. కాని సువార్తలు యేసు పుట్టిన మాసమును చెప్పవు. డిసెంబరు 25వ తేదీ పండుగ రోములో 4వ శతాబ్దమున కనబడుచున్నది. పాశ్చాత్య చిత్రములలోని హిమపాతమును దెచ్చి చిలకలూరిపేట మైదానముపై కురిపించినచో అది అనుకరణయే యగును. ఆ దినములలో ఇచ్చటి నల్లరేగడిపై తెల్లనిది విచ్చిన పత్తి. ఇచ్చటి హేమంతము తెల్లవారుజామున పత్తితీతకు బోవు కూలీల చలి. దానిని కన్నులార గాంచిన కవికి, రాత్రివేళ మందలను గాచు గొల్లలకే శుభవార్త మొదట ఏల వినబడెనో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ప్రాంతమునకు చేరువనున్న వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువా ‘గబ్బిలము’ (1941) క్రిస్మసు కావ్యము కాదు. అయినను దానిని లూకా సువార్తలోని జననకథతో కలిపి చదువవలెను. అచ్చట సత్రమున చోటు దొరకక శిశువు పశువుల తొట్టిలో పరుండబెట్టబడినాడు. ఇచ్చట ఆలయప్రవేశము లేని యస్పృశ్యుడు గుడిలోనికి బోగల గబ్బిలముచే శివునకు తన గోడు విన్నవించుకొనుచున్నాడు. రెంటను లోనికి రానీయని ద్వారమే మూలము. అయితే గబ్బిలములో మానవుడు వెలుపల, దేవుడు లోపల; సువార్తలో దేవుడే వెలుపల నున్నాడు. ఆ కవియే తరువాత ‘క్రీస్తుచరిత్ర’ను రచించెను, 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. ఒకదానిని సాంఘికమనియు, వేరొకదానిని మతపరమనియు విడదీసి బోధించుట ఆ కవికి న్యాయము చేయదు.

ఇట్లు చదివినచో భక్తి సంఘసంస్కరణకు లొంగిపోవునని కొంద రాక్షేపింపవచ్చును. కాని జనసంఖ్య వ్రాయించుకొన బయలుదేరిన పేద కుటుంబమునకు చోటు దొరకకపోవుట ఆ కథలో మనము చేర్చినది కాదు. క్రైస్తవ సంఘములలోను కులభేదము సమసిపోలేదు గనుక, ఈ ప్రశ్న ఇతరులకు మాత్రమే వర్తించునది కాదు. కీర్తన తక్కువదనియు మేమనము. సంఘమున విశ్వాసమును నిలిపినది అదియే. ఆ విశ్వాసము తన ద్వారమును ఎవరికి తెరచినదో పద్యము విచారించును. పరిశోధక విద్యార్థులు ఈ రెండు పాయలను ప్రక్కప్రక్కన నుంచి, ప్రతి రచనలోను ద్వారము వెలుపల నిలిచినవా రెవరో గుర్తించినచో, ఈ శాఖకు తగిన చరిత్ర యేర్పడగలదు.