జ్యేష్ఠ పూర్ణిమయు చిల్లంగియు: ఉద్దానపు విశ్వాసములందు ఋతువు, తిథి, కర్త

జానపద విజ్ఞానమును గూర్చి మన విశ్వవిద్యాలయములందు వెలువడు సిద్ధాంత వ్యాసములలో ‘మూఢ విశ్వాసములు’ అను ప్రకరణ మొకటి తఱచుగా కానవచ్చును. శకునములు, దిష్టి, గ్రామదేవతల మొక్కులు, వానకై చేయు కప్పల పెండ్లి, చేతబడి మున్నగునవి యన్నియు అందొకే వరుసలో నిలువబడి యుండును. పున్నమి, అమావాస్య అను రెండు మాటలును జంటగా వచ్చి, రెండును మంత్రగాండ్రకు అనుకూలమైన రాత్రులని చెప్పబడును. ఈ మాట ఎంతవరకు నిజమో శ్రీకాకుళము జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానపు తీరమును ఆధారముగా గొని పరీక్షించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఈ ప్రాంతమున వేసవి పున్నమికిని, జనులు ‘చిల్లంగి’ యని పిలుచు క్షుద్రవిద్యకును సంబంధము కలదా యనునదియే ప్రశ్న. ప్రశ్న చిన్నదే. కాని చిల్లంగి పెట్టినారను అనుమానముతో మనుష్యులను కొట్టుట, చంపుట ఉత్తరాంధ్రమున జరిగిన సంగతులు. అట్టి చోట వర్గీకరణ దోషము గ్రంథమునకు మాత్రమే పరిమితమగు దోషము కాజాలదు.

ఉద్దానమనగా పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురము మండలములలో వ్యాపించిన తోటల నేల. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇచ్చటి ముఖ్యమైన పంటలు. ఒక వైపున సముద్రము, మఱియొక వైపున మహేంద్రగిరి శ్రేణి. తెలుగు మాటలాడువారును ఒడియా మాటలాడువారును ఇచ్చట కలసి జీవించుచున్నారు. కొండ వాలులలో సవరలు కలరు. కావున ఒకే పున్నమి ఇచ్చట పలు విధములైన ఆచారములకు తావైనది. లోకవ్యవహారమున చైత్ర, వైశాఖ, జ్యేష్ఠ పూర్ణిమలు మూడును వేసవి పున్నములే యైనను, ఋతువు మాఱు సమయమున వచ్చునది జ్యేష్ఠ పూర్ణిమ. మన పరిశీలనకు అదియే తగినది.

తెలుగు రైతునకు ఈ దినము ఏరువాక పున్నమి. ‘ఏరు’ అనగా ఎడ్లను పూన్చి దున్నుటకు సిద్ధము చేసిన నాగలి. ఏరువాక దుక్కి యారంభము. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, పొంగలి వండి పెట్టుదురు. తెలుగు దేశమున పలు చోట్ల ఊరి మొగదల గోగునారతో పేనిన తోరణమును కట్టి, రైతులు చెర్నాకోలలతో దానిని కొట్టి తెంపుదురు. తెగిన నారపోగులను ఇంటికి గొనిపోయి నాగలికో, పశువుల మెడకో కట్టుదురు. బౌద్ధ వాఙ్మయమున శుద్ధోదనుని వప్పమంగళ దివసము, అనగా రాజు స్వయముగా నాగలి పట్టు పండుగ, దీనికి దగ్గఱి పోలిక.

నారపోగు పశువును కాపాడునను నమ్మకమును మానవశాస్త్రజ్ఞులు మంత్రతంత్రముల కోవలోనే చేర్తురు. అది సమంజసమే. ఋతువును బట్టి జరుగు తంత్రము ఈ పున్నమి యందు నిజముగా కలదు. కాని దాని లక్షణములు మూడు గమనింపదగినవి. అది పగటివేళ జరుగును. ఊరందఱి యెదుట జరుగును. అందఱి మేలు కోరి జరుగును. చిల్లంగి యని జనులు చెప్పుకొను దానికి ఈ మూడును విరుద్ధములు: అది రాత్రి, ఒంటరిగా, ఒకరి కీడు కోరి జరుగునని చెప్పుదురు. ఈ రెంటిని ఒకే పేరున చేర్చినచో మిగులునది ‘నమ్మకము’ అను ఒక్క సామాన్య ధర్మము మాత్రమే. తక్కిన విశేషమంతయు జాఱిపోవును.

అదే దినమున పూరీలో స్నానపూర్ణిమ. జగన్నాథ, బలభద్ర, సుభద్రలను వేదికపైకి తెచ్చి 108 కుంభముల నీటితో అభిషేకింతురు. పిమ్మట స్వామికి జ్వరము తగిలినదని సుమారు పదునైదు దినములు దర్శనము నిలిపివేసి, చాటున ఓషధులతో ఉపచారము చేయుదురు. ఒడియా వారితో కలసి యున్న ఈ తీరమునకు ఇది తెలియని కథ కాదు. వేసవి చివర, తొలకరి ముందు వచ్చు జ్వరము దేవునికే వచ్చినట్లు చెప్పిన ఈ ఆచారము మిగుల విలువైనది. అందు రోగమునకు కారణము చల్లని నీరు. చికిత్స ఓషధియు విశ్రాంతియు. ఎవరో చేసినారను మాట అందు లేదు.

బెస్తవానికి పున్నమి మఱియొక విధమైన దినము. పున్నమికిని అమావాస్యకును సముద్రపు పోటు హెచ్చును. ఆ లెక్క అతని వృత్తికి సంబంధించినది. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు మరపడవల వేటపై నిషేధమున్నందున, జ్యేష్ఠ పూర్ణిమ తఱచుగా వేట మరల మొదలగు దినములకు చేరువగా వచ్చును. రైతునకువలెనే ఇతనికిని అది పని యారంభకాలము.

అట్లయిన క్షుద్రవిద్యకు మన సంప్రదాయము కేటాయించిన తిథి యేది? సమాధానము ప్రాచీన కథావాఙ్మయముననే కలదు. గుణాఢ్యుని బృహత్కథను అనుసరించి పదునొకండవ శతాబ్దిలో సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున, భిక్షువు రాజును శ్మశానమునకు రమ్మని పిలిచినది కృష్ణచతుర్దశి రాత్రి. ఆ రాత్రియే భేతాళ కథలు పుట్టినవి. నేటికిని చేతబడిని గూర్చిన మాటలలో అమావాస్యకే ప్రాధాన్యము. ఒక్క పున్నమికి మాత్రము మినహాయింపు కలదు: చంద్రగ్రహణము పట్టిన పున్నమి. గ్రహణకాలమున జపించిన మంత్రము శీఘ్రముగా సిద్ధించునను విశ్వాసము సుప్రసిద్ధము. అనగా మంత్రసిద్ధికి పనికివచ్చిన పున్నమి వెన్నెల కోల్పోయిన పున్నమియే. మినహాయింపు సైతము నియమమునే బలపఱచుచున్నది.

మఱి పున్నమి వెన్నెలలో తిరుగు మంత్రగత్తె మన రచనలలోనికి ఎట్లు వచ్చినది? ఆ చిత్రము ప్రధానముగా ఐరోపా సాహిత్యమునకు చెందినది. చంద్రుని భూమికి దింపు థెస్సలీ మంత్రగత్తెలను గూర్చి గ్రీకు, లాటిను కవులు వ్రాసినారు. మధ్య వేసవి రాత్రి మాయలకు నెలవను భావన షేక్స్పియరు నాటకము ద్వారా లోకమంతట తెలిసినది. అయితే ఆ మధ్య వేసవి పండుగ జూన్ 24వ తేదీ, సెయింటు జాన్ దినము. అది సూర్యుని గమనమును బట్టి ఏర్పడినది గాని చంద్రుని తిథిని బట్టి కాదు. అచ్చటనే రెండు వేఱు సంప్రదాయములు కలసి ఒక చిత్రమైనవి. మనము ఆ కలసిన చిత్రమును గ్రహించితిమి.

ఇందు భూగోళమునకును పాత్ర కలదు. వేసవిలో సూర్యుడు మింట ఎత్తుగా నడచును గనుక, ఎదురుగా నుండు పున్నమి చంద్రుడు తక్కువ ఎత్తున నడచును. అయనాంతమునకు చేరువైన పున్నమి నాడు లండనులో చంద్రుడు దిఙ్మండలమునకు సగటున సుమారు 15 డిగ్రీలకు మించి లేవడు. చెట్ల కొమ్మల నడుమ, మంచు పొరలలో, తేనె రంగున వ్రేలాడును. పలాసలో అదే చంద్రుడు సుమారు 48 డిగ్రీల ఎత్తునకు వచ్చి, కొబ్బరి తోటలపై తెల్లని వెన్నెల కాయును. ఎండకు తాళలేని మనుష్యులు ఆరుబయట మంచములు వేసికొని కూర్చుండు వేళ యది. భయము పుట్టుటకు కావలసిన ఏకాంతము ఆ రాత్రికి లేదు.

తిథి తొలగినను ఋతువు తొలగలేదు. జ్యేష్ఠ పూర్ణిమ అధికమాసమును బట్టి కదలుచుండును: 2018లో జూన్ 28న, 2023లో జూన్ 4న వచ్చినది. జ్వరములు, విరేచనములు తిథికై వేచియుండవు. అవి వాన నీటిని, దోమలను అనుసరించును. చిల్లంగి మాట రోగమును వెన్నంటి వచ్చునది గనుక, దాని కాలమును పంచాంగమున గాక రోగుల ఇండ్లలో వెదుకవలెను. ఇచ్చట భాషా విద్యార్థి చూపు పనికివచ్చును. రోగమును చెప్పుటకు మన జనులు వాడు వాక్యములను పరిశీలింపుడు.

వేసవిలో ఒంటిపై పొక్కులు లేచినచో ‘అమ్మవారు పోసింది’ అందురు. మశూచికము అంతరించినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినను, ఆటలమ్మకు ఆ వాక్యము నిలిచియున్నది. కర్త దేవత. చేయవలసినది వేపాకు, చల్లని నైవేద్యము, జాతర. ‘గాలి సోకింది’, ‘దిష్టి తగిలింది’ అందురు. కర్త గాలి, చూపు; ఉపాయము దిగదుడుపు. మూడవది ‘ఎవరో చేయించారు’. చేతబడి అను పేరులోనే ‘చేత’ యను మాట కలదు. చేత యున్న చోట చేసినవా డుండవలెను. ‘ఎవరో’ అను సర్వనామము తాత్కాలికముగా కర్తృస్థానమును ఆక్రమించును. పిమ్మట దాని స్థానమున ఒక పేరు వెదకబడును. తఱచుగా ఆ పేరు ఊరిలో అండ లేని వానిదో, ఒంటరి వృద్ధురాలిదో అగును.

మూడు వాక్యములును మూఢ విశ్వాసములే యని ఒకే ప్రకరణమున చేర్చిన పరిశోధకుడు, మొదటి రెంటిలో మనిషి దోషి కాడనియు, మూడవదానిలో మాత్రమే మనిషి దోషి యగుననియు గమనింపక విడిచినవాడగును. సవరల విషయము ఈ భేదమును మఱింత స్పష్టపఱచును. గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో నుండి వారి భాషను నేర్చి, వ్యాకరణమును నిఘంటువును రచించెను. ఒడిశా ప్రాంతపు సవరలను గూర్చి వెరియర్ ఎల్విన్ 1955లోను, పియర్స్ విటెబ్‌స్కీ 1993లోను ప్రకటించిన గ్రంథములను బట్టి, వారి సంప్రదాయమున రోగమునకు తఱచుగా కర్త చనిపోయిన బంధువు. చికిత్స ఆ మృతునితో పూనకమున మాటలాడుట. కర్తను మార్చినచో పరిణామము మాఱుననుటకు ఇది మంచి నిదర్శనము.

మంత్రగాడని తలచిన వాని పండ్లు ఊడగొట్టుట ఒక క్రూరమైన ఆచారము. పండ్లు లేనిచో అక్షరములు సరిగా పలుకవనియు, పలుకని మంత్రము ఫలింపదనియు దాని వెనుకనున్న తర్కము. దీనిని అనాగరికమని త్రోసివేయుట సులభము. కాని స్వరము తప్పిన మంత్రము కర్తనే చంపునను ‘ఇంద్రశత్రు’ కథను వర్ణోచ్చారణ శిక్షలో మనమే పాఠము చెప్పుచున్నాము. ఉచ్చారణలోనే శక్తి కలదను సిద్ధాంతము పండితునిదియు పామరునిదియు ఒక్కటే. ఆ సిద్ధాంతము మనుష్యుని దేహముపై ప్రయోగింపబడినప్పుడు ఏమి యగునో చెప్పుట పాఠములో భాగము కావలెను.

మన వర్గీకరణమునకు మాతృక ఎడ్గార్ థర్‌స్టన్ 1912లో ప్రకటించిన దక్షిణ భారత శకున విశ్వాసముల గ్రంథమని చెప్పవచ్చును. అందు శకునములు, దిష్టి, సర్పపూజ, రక్షలు, మంత్రగాండ్రు, చివరకు వ్యవసాయ కర్మలు, వాన రప్పించు తంత్రములు వరుసగా వచ్చును. సామగ్రి అపారము, ఆ శ్రమకు మనము ఋణపడియున్నాము. కాని విషయానుసారముగా కూర్చుటచే ఆచారము తన నెలను, తన పగటిని, తన వక్తను కోల్పోయినది. గురజాడ అప్పారావు కన్యాశుల్కమున దయ్యములను సీసాలో బంధించు పూజారి గవరయ్యను చిత్రించినపుడు ఈ లోపము లేదు. ఎవరు భయపడుచున్నారు, ఆ భయముచే ఎవరికి లాభము అను రెండు ప్రశ్నలకును ఆ నాటకమున జవాబు దొరకును. జానపద పరిశోధకునకు ఆ నాటకకర్త చూపు అవసరము.

ఉద్దానమున నేడు ఈ విచారణకు ప్రత్యేకమైన ప్రయోజనము కలదు. దశాబ్దములుగా ఇచ్చట మూత్రపిండ వ్యాధి ప్రబలియున్నది. నీరు, నేల, పురుగుమందులు, ఎండలో శ్రమ మున్నగు కారణములు చర్చింపబడుచున్నను, మూలకారణ మింకను నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. కారణము తెలియని రోగము ‘ఎవరో’ అను సర్వనామమునకు అనువైన నేల. అట్టి చోట ప్రజలు మంచినీటిని కోరుట, వైద్యులు పరీక్షలు సాగించుట అనగా, కర్తృస్థానమును ఖాళీగా నుంచి ఓర్పుతో వెదకుటయే. సరిహద్దునకు ఆవల ఒడిశాలో 2013లో మంత్రగత్తెల వేటను నిషేధించు చట్టము చేయబడినది. చట్టము కొట్టిన వానిని శిక్షింపగలదు. వాక్యమును మార్చు పని విద్యది.

కావున పరిశోధక విద్యార్థులకు సూచింపదగినవి ఇవి. ఆచారమును వ్రాసికొనునపుడు దాని తిథిని, అది జరుగు వేళను, అది బహిరంగమో రహస్యమో విధిగా నమోదు చేయవలెను. రోగమును గూర్చిన మాటను వక్త పలికిన క్రియాపదముతోనే గ్రహింపవలెను. ‘చేతబడి నమ్మకము’ అని మన మాటలోనికి మార్చరాదు. కన్నవారు చెప్పినది, విన్నవారు చెప్పినది వేఱుపఱుపవలెను. అనుమానింపబడిన వారి మాటను సైతము, వారి పేరు బయటపెట్టకుండ, గ్రహింపవలెను. ఇంతవఱకు మన సేకరణలలో మిక్కిలి కొఱతగా నున్నది ఆ మాటయే. ఈ పద్ధతిని పాటించినచో జ్యేష్ఠ పూర్ణిమ ఏరువాకకును స్నానయాత్రకును చెందిన దినముగా తన స్థానమున నిలుచును. చిల్లంగి అను మాట ఆకాశమును విడిచి, దానిని పలికిన మనుష్యుల నడుమ, వారి రోగముల నడుమ పరీక్షకు దొరకును.