యాభై మంది ఊరికి ప్రపంచమంతా చుట్టాలే

పసిఫిక్ మహాసముద్రం నడుమ పిట్‌కెయిర్న్ అనే బ్రిటిష్ దీవి ఉంది. నాలుగున్నర చదరపు కిలోమీటర్ల నేల, యాభై మందికి అటూ ఇటూగా జనం. విమానం దిగే చోటు లేదు. ఓడ వచ్చినా ఒడ్డు దాకా రావడం కుదరదు, లాంగ్‌బోటు వేసుకుని ఎదురెళ్లాలి. బౌంటీ ఓడలో కెప్టెన్ మీద తిరగబడ్డ నావికులు 1790లో కొందరు తాహితీ వాసులతో కలిసి తలదాచుకున్నది ఇక్కడే. ఎవరి కంటా పడకూడదని వాళ్లు ఏరుకున్న దీవి కోసమే ఇవాళ హామ్‌లు, అంటే సరదాగా సొంత రేడియోతో దూరదేశాలవారిని పలకరించేవాళ్లు, నిద్ర మానుకుని వెతుకుతుంటారు.

అమెరికన్ కంపెనీలు విరాళమిచ్చిన పరికరాలతో 1938లో ఇక్కడ పీఐటీసీ అనే రేడియో కేంద్రం మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు దీవి గొంతుగా నిలిచినవాడు టామ్ క్రిస్టియన్. తిరుగుబాటు నాయకుడు ఫ్లెచర్ క్రిస్టియన్ వంశీకుడు. 2013లో ఆయన కన్నుమూసేనాటికి ‘వీఆర్6టీసీ’ అన్న ఆయన పిలుపుగుర్తు తెలియని హామ్ అరుదు. దీవివాసులు పిట్‌కెయిర్న్ ఐలాండ్ అమెచ్యూర్ రేడియో అసోసియేషన్ పేరిట సొంత క్లబ్బు కూడా పెట్టుకున్నారు.

ఇంత చిన్న ఊరికి అంత గిరాకీ ఎందుకు? అమెరికన్ రేడియో రిలే లీగ్ ప్రపంచాన్ని 340 ‘దేశాలు’గా లెక్కగట్టింది. అందులో నూరింటితో మాట్లాడితే హామ్‌కు గౌరవపత్రం దక్కుతుంది. ఆ లెక్కలో పిట్‌కెయిర్న్ కూడా ఒక దేశమే!

హైదరాబాద్ నుంచి ఆ దీవి దాదాపు 17 వేల కిలోమీటర్ల దూరం. అయినా ఒక పెద్ద బల్బుకు పట్టేంత కరెంటు, నూరు వాట్లు, చాలు. 14 మెగాహెర్ట్‌జ్ దగ్గర వదిలిన తరంగం పైనున్న అయనోవరణానికి తగిలి వంగి నేలకు దిగుతుంది, మళ్లీ పైకి లేస్తుంది. అలా గెంతుకుంటూ భూగోళం అవతలికి చేరుతుంది. సూర్యుడి జోరును బట్టి ఆ దారి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అక్కడ సాయంత్రం ఆరయితే మనకు మర్నాడు ఉదయం ఏడున్నర. ఇలా ఒకచోట పొద్దు పొడుస్తూ మరోచోట గుంకే వేళల్లో దూరపు సిగ్నళ్లు అందే అవకాశం ఎక్కువ.

దీవి నుంచి ‘సీక్యూ, సీక్యూ’ (ఎవరైనా పలకండి) అన్న పిలుపు వినపడగానే వందల మంది ఒక్కసారిగా బదులిస్తారు. దీన్ని ‘పైలప్’ అంటారు. అందుకే దీవి ఆపరేటరు ఒక ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడుతూ, కాస్త పైన మరో ఫ్రీక్వెన్సీ మీద వింటాడు. ఆ రొదలో చెవికి ఆనిన రెండు మూడు అక్షరాలు పట్టుకుని తిరిగి పలుకుతాడు. ఆ అక్షరాలు ఎవరివో వాళ్లే మాట్లాడాలి, తక్కినవాళ్లు గప్‌చుప్. ‘ఫైవ్ నైన్’ అంటే బాగా వినపడుతున్నావని. ‘సెవెంటీ త్రీ’ అంటే శుభాకాంక్షలు. అంతా పది సెకన్లలో ముగుస్తుంది. మాట్లాడినట్టు రుజువుగా వచ్చే క్యూఎస్‌ఎల్ కార్డు మాత్రం ఓడెక్కి నింపాదిగా వస్తుంది.

ఇదంతా కాలక్షేపమేగా అనేవారికి అండమాన్ జవాబిస్తుంది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం భారతీ ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. అరుదైన దీవి నుంచి ప్రపంచాన్ని పలకరించడమే పని. 26న సునామీ విరుచుకుపడింది. అప్పటిదాకా పైలప్‌లు ఆలకించిన ఆ చెవులే చిక్కుకుపోయినవారి క్షేమసమాచారం అందుకుని బయటి ప్రపంచానికి చేరవేశాయి. రొదలోంచి ఒక్క గొంతును ఏరుకోవడం రోజూ సాధన చేసినవాళ్లకే ఆపద్వేళ అది చేతనవుతుంది.

తుపాన్లు మనకూ కొత్త కాదు. మన దేశంలో పన్నెండేళ్లు నిండినవారెవరైనా టెలికాం శాఖ నిర్వహించే పరీక్ష రాసి హామ్ లైసెన్సు పొందవచ్చు. తీరప్రాంతపు ప్రతి కాలేజీలోనూ ఒక హామ్ క్లబ్బు ఉండాలి. పిల్లలకు పరీక్ష రాయించండి, వీలైతే మీరూ రాయండి.