రూల్సు పుస్తకంలో వెలివాడ

యూనివర్సిటీల్లో కులం గురించి మాట్లాడేటప్పుడు మనం హాస్టల్ గదుల గురించీ, గైడ్ల గురించీ, వైవాల గురించీ మాట్లాడతాం. మాట్లాడాల్సిందే. కానీ ఏ డిగ్రీ ఎన్నేళ్లు, ఏ సబ్జెక్టు ఎప్పుడు, ల్యాబు వారానికి ఎన్ని గంటలు, ఎన్ని క్రెడిట్లు వస్తే పై సంవత్సరానికి పోనిస్తారు అనేవాటిని మాత్రం సాంకేతిక విషయాలుగా వదిలేస్తున్నాం. అవి బోర్డ్ ఆఫ్ స్టడీస్ సార్లు చూసుకుంటారులే అనుకుంటున్నాం. కథనీ కవిత్వాన్నీ కులం వైపు నుంచి చదవడం మనం నేర్చుకున్నాం. రూల్సు పుస్తకాన్ని కూడా అట్లాగే చదవాలని నా వాదన. అందుకు కంప్యూటర్ కోర్సుల్ని తీసుకుంటున్నాను. గత ముప్ఫై ఏళ్లలో కూలీల పిల్లలకు ఊరు దాటి పోయే పెద్ద దారిగా కనపడింది ఈ చదువే కాబట్టి.

దేశంలో ఈ చదువు మొదలైన తీరు వేరు. కాన్పూర్ ఐఐటీకి 1963లో ఐబీఎం 1620 యంత్రం వచ్చింది. అక్కడ 1971లో ఎంటెక్, 1978లో బీటెక్ పెట్టారు. ముందు యంత్రం, తర్వాత పరిశోధన, ఆ తర్వాత డిగ్రీ. (ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు 1973 దాకా రాలేదన్నది కూడా ఈ చరిత్రలో భాగమే, కాకపోతే డిపార్ట్‌మెంట్లు రాసుకునే చరిత్రల్లో కనపడదు.) మన దగ్గర ఆ క్రమం తిరగబడింది. ముందు గిరాకీ, తర్వాత సీటు, సీటుకు ఫీజు, ఆఖరికి ఎవరైనా తనిఖీకి వస్తున్నారంటే ల్యాబు.

ఇవాళ మన రెండు రాష్ట్రాల్లో కంప్యూటర్ చదువు ఒక్కటి కాదు. బీటెక్ వుంది, ఎంసీఏ వుంది, బీసీఏ వుంది, బీఎస్సీ కంప్యూటర్స్ వుంది, అన్నిటికంటే కింద బీకాం కంప్యూటర్స్ వుంది. బీకాంను పక్కన పెడితే, తక్కిన నాలుగు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్. సబ్జెక్టులు అవే, చాలాచోట్ల పుస్తకాలూ అవే. తేడా ఎక్కడుంది? ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలన్న దాంట్లో వుంది. అంబేద్కర్ శ్రేణీకృత అసమానత అన్నదాన్ని అర్థం చేసుకోవడానికి మనుస్మృతి దాకా పోనవసరం లేదు, క్యాంపస్ సెలక్షన్ల నోటీసు బోర్డు చాలు. బీటెక్ వాడికి ఒక జీతం, అదే కంపెనీలో బీఎస్సీ వాడికి వేరే పేరుతో తక్కువ జీతం. పైగా బీకాం వాణ్ణి చూసి బీఎస్సీ వాడు, బీఎస్సీ వాణ్ణి చూసి ఎంసీఏ వాడు తృప్తి పడుతుంటాడు.

మెట్లున్నప్పుడు ఎక్కే దారి కూడా వుండాలి కదా అంటారు. వుంది, ఈసెట్ అనే సన్నటి సందు. డిప్లొమా చేసినవాళ్లూ, గణితంతో బీఎస్సీ చేసినవాళ్లూ ఆ పరీక్ష రాసి బీటెక్‌లో చేరొచ్చు. ఏ సంవత్సరంలో? రెండో సంవత్సరంలో. అంటే మూడేళ్ల డిగ్రీని ఒక్క ఏడాదిగా లెక్కగడతారు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివిన డేటాబేస్ చదువే కాదు, ఇక్కడ మళ్లీ చదవాలి. ఏ బోర్డ్ ఆఫ్ స్టడీస్ అయినా దీనికి విద్యాపరమైన కారణం చెప్పగలదా?

ఇంకో దారి ఎంసీఏ. ఊళ్లలో తెలుగు మీడియం బీఎస్సీ చదివి, ఐసెట్ రాసి, ఎంసీఏలో చేరి ఉద్యోగాల్లోకి పోయినవాళ్లు మనవాళ్లలో చాలామందే వున్నారు. అప్పట్లో అది మూడేళ్ల కోర్సు. మొదటి ఏడాది తడబడినా, రెండో ఏడాదికి చేయి తిరిగేది, మూడో ఏడాది నిలబడేవాళ్లు. 2020-21 నుంచి ఏఐసీటీఈ దాన్ని రెండేళ్లు చేసింది. కంప్యూటర్ నేపథ్యం లేనివాళ్లకు బ్రిడ్జి కోర్సు పెట్టుకోమని యూనివర్సిటీలకు వదిలేసింది. ఫీజు ఒక ఏడాది తగ్గింది, నిజమే. కానీ తీసేసిన ఆ ఏడాది ఎవరికి అవసరమైన ఏడాదో ఆలోచించాలి. ఇంట్లో కంప్యూటర్ వున్నవాడికి అది దండగ, లేనివాడికి అదే అసలు కోర్సు.

నేను చదివిన డిగ్రీ కాలేజీలో ఒక్కో కంప్యూటర్ ముందు నలుగురం కూర్చునేవాళ్లం. అంతకుముందే ఎక్కడో టైపు చేయడం నేర్చుకుని వచ్చినవాడి చేతిలో కీబోర్డు వుండేది, తక్కిన ముగ్గురం రికార్డు రాసేవాళ్లం. రికార్డుకు మార్కులు బాగానే పడేవి.

సీట్ల లెక్క చూద్దాం. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో వంద సీట్లుంటే డెబ్భై కన్వీనర్‌వి, ముప్ఫై యాజమాన్యానివి. ఎస్సీ రిజర్వేషన్ 15 శాతం ఆ డెబ్భైలోనే, అంటే పదిన్నర సీట్లు. ఫీజు రీయింబర్స్‌మెంటూ ఆ కన్వీనర్ సీట్లకే. ఇనాందార్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఎన్నారైలకు 15 శాతం దాకా ఇచ్చుకోవచ్చంది. వందలో పదిహేను సముద్రం అవతలివాళ్లకు, పదిన్నర వాడ వాళ్లకు. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి మన 15 శాతాన్ని 1, 9, 5గా పంచారు. అది న్యాయమైన పనే, దానికోసం మాదిగలు ముప్ఫై ఏళ్లు కొట్లాడారు. కానీ మనం పంచుకుంటున్నది డెబ్భైలో వాటాని. ఆ ముప్ఫైని ఎవరూ ముట్టుకోలేదు. ప్రైవేటు కాలేజీల్లోనూ రిజర్వేషన్లు పెట్టడానికి రాజ్యాంగంలో 15(5) అధికరణ వుంది, 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని కూడా చెప్పింది.

గేటు దాటాక రూల్సు పుస్తకం అసలు పని మొదలుపెడుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ఆర్13, ఆర్16, ఆర్18, ఆర్22 అని రెగ్యులేషన్లు మారుతూ వచ్చాయి. హాజరు 75 శాతం వుండాలి. 65 దాకా తగ్గితే డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి బయటపడొచ్చు. జ్వరానికి కాగితం దొరుకుతుంది. పత్తి తీతలకు తల్లితోపాటు పోయిన పది రోజులకు ఏ డాక్టరు కాగితం ఇస్తాడు? నిర్ణీత క్రెడిట్లు రాకపోతే డిటెయిన్. డిటెయిన్ అయినవాడు తిరిగొచ్చేసరికి రెగ్యులేషన్ మారితే కొత్త సబ్జెక్టులు అదనం. మొదటి ఏడాదిలోనే గణితం, ప్రోగ్రామింగ్, రెండూ ఇంగ్లీషులో, ఒకేసారి. తెలుగు మీడియం వాడి బ్యాక్‌లాగులు మొదలయ్యేది అక్కడ. భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ చెప్పుకోవచ్చని ఏఐసీటీఈ 2021లో అనుమతిచ్చింది. చెప్పే సార్లు లేకుండా, ఆ డిగ్రీని నమ్మే కంపెనీ లేకుండా తెలుగు బీటెక్ మనకొద్దు. మనక్కావాల్సింది మొదటి సెమిస్టర్‌లో రెండు భాషల్లోనూ చెప్పే మనిషి.

వేరేగా చేయడం కుదరదా? కుదురుతుందని 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ చూపించింది. ఇడుపులపాయ, నూజివీడు, బాసర. పదో తరగతి నుంచే పిల్లల్ని తీసుకున్నారు. ప్రభుత్వ బడుల పిల్లలకు 0.4 పాయింట్లు కలిపారు, చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు, ఆరేళ్లు ఇచ్చారు. తర్వాత అక్కడా సార్ల కొరత, తిండి మీద ధర్నాలు, పీయూసీ మార్కులను బట్టి బ్రాంచి పంచడంతో కంప్యూటర్ సైన్సు పైనా తక్కినవి కిందా. అయినా అవసరమైనవాళ్లకు ఎక్కువ కాలం ఇవ్వాలనే ఆలోచన ఒక డిగ్రీ నిర్మాణంలోకి వచ్చింది. మన యూనివర్సిటీలు దాన్ని చదువు గురించిన ఆలోచనగా కాక, సంక్షేమ పథకంగా చూసి పక్కకు తప్పుకున్నాయి.

వాటి శ్రద్ధంతా పేర్ల మీద వుంది. 2020 నుంచి సీఎస్‌ఈ పక్కన ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని తోకలు పుట్టాయి. నాలుగేళ్లలో తేడా చాలావరకు పై సెమిస్టర్లలోని కొన్ని సబ్జెక్టులే. 2024-25కి ఏఐసీటీఈ బ్రాంచిల సీట్ల మీద గరిష్ఠ పరిమితిని ఎత్తేసింది. కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి ఇటు మళ్లిస్తున్నాయి. సివిల్ చదివినవాడికి ఇరిగేషన్‌లోనో, పంచాయతీరాజ్‌లోనో, రోడ్లు భవనాల శాఖలోనో రోస్టర్ ప్రకారం ఒక పోస్టు వుండేది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి రోస్టర్ లేదు. పదిలో, ఇంటర్‌లో, డిగ్రీలో అన్నిట్లోనూ 60 శాతం వుండాలనే షరతు మాత్రం వుంటుంది. పదో తరగతిలో బడికి లెక్కల టీచరు లేకపోతే ఆ లెక్క అప్పుడే తేలిపోయింది. రిజర్వేషన్ వున్న ఉద్యోగాల చదువును మూసేసి లేనివాటి చదువును తెరుస్తుంటే, మన విద్యార్థి సంఘాలు ఇంకా కౌన్సెలింగ్ తేదీల మీద వినతిపత్రాలు ఇస్తున్నాయి. ఈసారి బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగు తేదీ కనుక్కోవాలి. అక్కడ అడగడానికి ముందు మూడున్నాయి: బీఎస్సీ క్రెడిట్లు బీటెక్‌లో చెల్లాలి, ఎంసీఏలో కావాలన్నవాళ్లకు ఫీజు లేని మూడో ఏడు వుండాలి, ల్యాబు రాత్రి పదింటిదాకా తెరిచి వుండాలి.